చీర కట్టటం వచ్చు, చదవటం?

మన ఇళ్ళల్లో కొత్త చీర మడత విప్పగానే వినిపించే మొదటి ప్రశ్న "ఎంత?" రెండోది "ఎక్కడ?" ఆ రెంటికీ జవాబు దొరికాక కొంగు కొసని రెండు వేళ్ళ మధ్య నలిపి, "బాగుందిలే, నీ రంగుకి నప్పుతుంది" అని తీర్పు చెప్పేస్తాం. కొన్నది ఆడపడుచయితే ఆ "లే" కాస్త సాగుతుంది. అంతటితో చీర మీద మన విమర్శ పూర్తయిపోతుంది.

అదే ఒక నవల గురించి అడిగి చూడండి. కథ నడక బాగుందనీ, మధ్యలో సాగదీశారనీ, ఆ అత్తగారి పాత్ర మరీ అన్యాయమనీ, ముగింపు ముందే తెలిసిపోయిందనీ పదిమాటలు చెబుతాం. "ఎంతకి కొన్నావు?" అని ఎవరూ మొదలుపెట్టరు. రెండు మధ్యాహ్నాల్లో చదివేసి పక్కన పెట్టే నవల మీద ఇంత చర్చ చేసే మనం, పాతికేళ్ళూ ముప్ఫయ్యేళ్ళూ మనతోపాటు ఇంట్లో వుండే చీరని రెండు ప్రశ్నలతో సరిపెట్టేస్తున్నాం. చీర కట్టటం మనకి వచ్చు. చదవటమే రాదు.

చీరని చదవటమేమిటి, విడ్డూరం కాకపోతే, అంటారేమో! చేత్తో నేసిన చీర కూడా ఒక రచనే కదండీ. దానికి నడుమూ, అంచూ, ముగింపులాంటి కొంగూ వున్నాయి. శైలి వుంది. రాసినవాళ్ళున్నారు. ఒక్కరు కాదు: నూలు ఆసుపోసిన చెయ్యి ఒకటి, రంగు అద్దిన చెయ్యి ఒకటి, మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి ఒకటి. ఏ రచన ముందయినా విమర్శకులు వేసుకునే ప్రశ్నలు మూడు. ఇది ఎలా తయారైంది? ఏం చెయ్యాలనుకుంది? అనుకున్నది చేసిందా? చీర ముందు కూర్చుని ఈ మూడూ వేసి చూడండి. ఇందులో ఇంకో లాభం కూడా వుంది. చీర ఎలా తయారైందో తెలిసినావిడకి దాన్ని ఎలా వుతకాలో, ఎలా దాచాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇంకొకరు చెప్పే తీరు కూడా మనకి తెలిసిందే. "పట్టుచీరల సంరక్షణ" అన్న శీర్షిక కింద ఏటా పండగల ముందు పది సూత్రాలు అచ్చవుతాయి. ఉప్పునీళ్ళలో నానబెట్టండి. నీడలో ఆరెయ్యండి. మడతలు మార్చండి. ప్లాస్టిక్ కవరులో పెట్టకండి. చెప్పినవాటిలో చాలావరకు మంచివే. కానీ అన్నీ ఆజ్ఞలే, కారణం ఒక్కదానికీ వుండదు. లెక్క చెయ్యకుండా జవాబు మాత్రం ఇచ్చే గైడు పుస్తకంలా వుంటాయి. కారణం తెలియని సలహాని రెండునెలల్లో మర్చిపోతాం, లేకపోతే పనికిరానిచోట పాటిస్తాం.

మన కథలు మాత్రం తక్కువ తిన్నాయా? ఒకప్పటి కథల్లో నాయిక తెల్లచీర కట్టిందంటే మంచిమనిషని అర్థం. నైలెక్స్ చీర కట్టిందంటే రచయితకి ఆవిడ మీద అనుమానం. చీర రంగుతో స్వభావాన్ని చెప్పేసి తప్పుకునేవారు. ఆ చీర ఏ వూరు నేతో, ఎన్నో కౌంటు నూలో, వుతికితే ఏమవుతుందో కథలో ఎవరికీ పట్టేది కాదు. వుతికేది ఎలాగూ కథలో లేని మనిషి.

సరే, చదవటం మొదలుపెడదాం. ముందుగా తేలికైన పాఠం, మంగళగిరి నూలుచీర.

నడుమంతా ఒకే రంగు. బుటా లేదు, పువ్వు లేదు, లత లేదు. చెప్పదలుచుకున్నదంతా అంచులోనే చెబుతుంది. నిజాం అంచు అని పేరుపడ్డ జరీ అంచు, కొంగున కొన్ని జరీ పట్టీలు, అంతే. గుంట మగ్గం మీద, కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చుని, పేకని గట్టిగా దట్టించి నేస్తారు. బట్ట బిగువుగా, గట్టిగా వస్తుంది. ఏం చెప్పకూడదో తెలిసిన రచయిత రాసినట్టుంటుంది మంగళగిరి చీర. అదే దాని గొప్ప. ఈమధ్య కొందరికి ఆ ఖాళీ చూస్తే భయం పట్టుకుంది. ఆ సాదా నేల మీద అద్దాలు కుడుతున్నారు, పువ్వులు అచ్చువేస్తున్నారు, ఏనుగుల్ని నడిపిస్తున్నారు. చక్కటి చిన్నకథకి నాలుగు పేజీల వర్ణన అతికించినట్టుంది నాకయితే. మీకు నచ్చితే కట్టుకోండి. కానీ అది మంగళగిరి శైలి కాదు, దాని మీద ఇంకొకరి రాత.

ఇప్పుడు దాని తయారీ చూడండి. నేతకి ముందు పడుగు పోగులకి గంజి పెట్టి బ్రష్షుతో దువ్వుతారు, మగ్గం మీద రాపిడికి తెగిపోకుండా. కొత్త నూలుచీర పెళపెళలాడేది ఆ గంజి వల్లే. మొదటి వుతుకులో ఆ గంజి పోతుంది. చీర మెత్తబడుతుంది. "ఒక్క వుతుక్కే చచ్చిపోయిందండీ" అని మనం షాపువాడి మీదికి వెళతాం. నిజానికి చీర చావలేదు, అప్పుడే పుట్టింది. మగ్గం కోసం వేసుకున్న వేషం తీసేసి తన సొంత మెత్తదనంలోకి వచ్చింది. నాలుగైదు వుతుకులయ్యాక నూలు చీర ఒంటికి హత్తుకున్నట్టు కొత్తచీర ఏనాడూ హత్తుకోదు.

గంజి సంగతి తెలిస్తే ఇంకో సలహాకీ కారణం దొరుకుతుంది. కట్టుకునేటప్పుడు పల్చటి గంజి అందమే. కానీ ఆర్నెల్లపాటు బీరువాలో పెట్టే చీరకి గంజి వుంచకూడదు. బియ్యం పిండి ఎవరికి ఇష్టమో పురుగులకీ తెలుసు. పైగా గంజిపెట్టిన మడత దగ్గర పోగు వంగదు, విరుగుతుంది. కాబట్టి గంజి పోయేలా జాడించి, నీడలో ఆరేసి, అప్పుడు దాచండి.

ఇక ఉప్పునీళ్ళ సంగతి. రంగు పోతుందంటే ప్రతివాళ్ళూ గుప్పెడు ఉప్పు వెయ్యమంటారు. కొన్ని రకాల రంగులు ఆ నీళ్ళలో కాస్త తక్కువగా వదలవచ్చు. కానీ సరిగ్గా అద్దని రంగుకి ఉప్పు మందు కాదు. మంచి అద్దకమయినా మొదటి ఒకటి రెండు వుతుకుల్లో పైపై రంగు కొంత వదులుతుంది. చల్లటి నీళ్ళలో, విడిగా, నానబెట్టి మరిచిపోకుండా త్వరగా జాడించి తీసేస్తే చాలు. ఎన్ని వుతుకులయినా నీళ్ళు ఎర్రగా వస్తూనే వుంటే ఆ తప్పు మీ ఉప్పుది కాదు, అద్దకానిది.

రెండో పాఠం వెంకటగిరి. ఇక్కడ ముందుగా ఒక లెక్క చెప్పాలి. నూలు కౌంటు అంటే అంకె పెరిగేకొద్దీ పోగు సన్నమని అర్థం. ఒక పౌను బరువుకి 840 గజాల చిలపలు ఎన్ని తూగుతాయో అదే కౌంటు. నూరో నంబరు నూలయితే ఒక్క పౌనుకి 84,000 గజాలు. అంటే అరకిలోకి కాస్త తక్కువ దూదిని 76 కిలోమీటర్లకి పైగా సాగదీశారన్నమాట. అంత సన్నటి పోగుతో నేసిన చీరని ఉతికి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని తాడు పేనినట్టు మెలితిప్పి పిండుతుంటే చూడలేం. "వెంకటగిరి చీరలు పట్టుమని రెండేళ్ళు ఆగవు" అనే ఆవిడని ఎలా పిండుతారో ఒకసారి అడగండి. అలాంటి చీరని పిండనే కూడదు. నీళ్ళు దానంతట అవే కారిపోయేలా దండెం మీద వెయ్యాలి, లేదా తువ్వాలులో చుట్టి అదమాలి.

వెంకటగిరి చీరలోనూ, సముద్రపు ఒడ్డునున్న ఉప్పాడ చీరలోనూ జాందానీ పని వుంటుంది. నేస్తూ నేస్తూ, ప్రతి బుటాకీ విడిగా చిన్న కండెలోని పోగుని చేత్తో పడుగులోకి దూర్చి, మళ్ళీ పేక వేసి, మళ్ళీ దూర్చి పువ్వుని పెంచుతారు. జాందానీ చీరని మెచ్చుకోవాలంటే ముందు తిరగేసి చూడాలి. వెనకవైపు పోగులు వేలాడవు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దారం పరిగెత్తదు. ముఖానికీ వీపుకీ పెద్ద తేడా వుండదు. నిజాయితీగా రాసిన వాక్యంలా ఎటునించి చదివినా అదే అర్థం. యంత్రం మీద చేసిన అనుకరణలో వెనక దారాలు బారులు తీరి వుంటాయి, లేకపోతే కత్తిరించిన మొలకలు కనిపిస్తాయి. అవే మెట్టెలకీ గాజులకీ తగులుకుంటాయి. అవి తగలకుండా వెనక నెట్ కుట్టించుకుంటాం. నెట్ కుట్టించాల్సి వచ్చిందంటే ఆ చీర మనతో ఏదో చెబుతోందన్నమాట.

అయితే ఉప్పాడ మీద నాకొక ఫిర్యాదు వుంది. పట్టు మీద ఆ పని చెయ్యటం మొదలయ్యాక కొన్ని చీరల్లో జరీ బుటాలు ఎంత దట్టంగా పరుస్తున్నారంటే, జాందానీకి ప్రాణమైన తేలికతనమే మాయమైపోతోంది. బుటాకీ బుటాకీ మధ్య ఖాళీ వుంటేనే బుటా బుటాలా కనిపిస్తుంది. అయితే తప్పు నేతగానిది కాదు. "ఇంత డబ్బు పోస్తే ఇంతేనా పని?" అని అడిగేది మనమే. మొదటి ప్రశ్న "ఎంత?" అయినప్పుడు జవాబు కూడా బరువుగానే వస్తుంది.

మూడోది గద్వాల్. నూలు నడుము, పట్టు అంచు, పట్టు కొంగు. ఈ చీరలో అసలు విశేషం రంగుల్లో లేదు, కలిసేచోట వుంది. అంచూ నడుమూ కలిసే గీతని కాస్త వెలుతురులో చూడండి. అక్కడ కుట్టు లేదు. నూలు పేక, పట్టు పేక ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని తిరిగి వెళ్ళిపోతాయి. కొంగు దగ్గరయితే పడుగు పోగుల్నే ఒక్కొక్కటిగా జత కలుపుతారు. రెండు వేరువేరు స్వభావాలని ఒక ఇంట్లో ఇమిడ్చిన నేర్పు అది. అత్తాకోడళ్ళ కథలు రాసేవాళ్ళు ఒక గద్వాల్ చీరని ముందు పెట్టుకుని రాస్తే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

తయారీలో ఏది గొప్పో దాచుకోవటంలో అదే చిక్కు. నూలు నీళ్ళలో కుంచించుకుపోతుంది, పట్టు అంతగా కుంచించుకోదు. వేడినీళ్ళలో పడేస్తే కలిసిన గీత వెంబడి ముడతలు పడతాయి. ముదురురంగు పట్టు అంచు రంగు వదిలితే లేతరంగు నూలు దాన్ని పీల్చుకుంటుంది. అందుకే కొత్త గద్వాల్ చీరని మొదటిసారి డ్రైవాష్‌కి ఇవ్వమంటారు. తరువాత ఇంట్లోనే వుతికినా చల్లటి నీళ్ళలో, అంచు నడుము మీద పడకుండా విడదీసి ఆరెయ్యాలి. తడిచీరని ముద్దగా బక్కెట్లో వదిలేసి ఫోను ఎత్తటానికి వెళ్ళకండి. ఫాలు సంగతి కూడా ఇంతే. నూలు ఫాలుని ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేసి కుట్టించాలి. లేకపోతే చీర నిటారుగా వుండి, ఫాలు కుంచించుకుపోయి, కుచ్చిళ్ళ కింద చీర బుంగమూతి పెడుతుంది.

నాలుగోది పోచంపల్లి. అక్కడ వాళ్ళు చిటికి అంటారు. నేశాక రంగు వెయ్యరు. నెయ్యకముందే పోగుల్ని కట్టలుగా కట్టి, రంగు పడకూడనిచోట గట్టిగా చుట్టి, ముంచుతారు. విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఆ మచ్చల పోగులు మగ్గం మీద పక్కపక్కన చేరినప్పుడు చిలకో, ఏనుగో, వజ్రమో బయటపడుతుంది. పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి గనక గీత అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. ఆ చెదురే చేతిరాత. అచ్చువేసిన నకిలీలో గీత కత్తితో కోసినట్టుంటుంది. తిరగేస్తే రంగు వెలిసి వుంటుంది. అసలు చీర రెండువైపులా ఒకే ముదురుగా వుంటుంది.

ఆ చీరలో డిజైనుకన్నా ముందు చదవాల్సింది ఇంకొకటి వుంది. కట్టలు కట్టేముందు పేక నూలుని ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంలో నాటిన పుల్లల చుట్టూ ఒక్కొక్కటిగా పోగుని తిప్పటమే ఆ పని. అది ఇంట్లో ఆడవాళ్ళ వంతు. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. గంటల తరబడి, రోజూ. భుజం పోయేది, మోచెయ్యి పోయేది. ఆ నొప్పితో తల్లి పడే అవస్థ చూడలేక చింతకింది మల్లేశం అనే నేతకుటుంబపు యువకుడు ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో ఆసుపోసే యంత్రం తయారుచేసి, దానికి ఆ తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసుయంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళం చాలామందిమి వున్నాం. కానీ బీరువాలో వున్న పోచంపల్లి చీర మడతల్లో అంతకుముందు ఎన్ని వేలసార్లు ఒకావిడ భుజం ఆడిందో లెక్కవేసినవాళ్ళం ఎందరం? మన కథల్లో వుతికే మనిషి లేనట్టే, మన మెచ్చుకోళ్ళలో ఆసుపోసిన మనిషీ లేదు. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు అని తేలింది. వారిలో నూటికి డెబ్బైమందికి పైగా ఆడవాళ్ళు. చీర కట్టేదీ మనమే, ఎక్కువ భాగం చేసేదీ మనమే. మరి మధ్యలో మాట్లాడుకోవటానికి "ఎంత?" ఒక్కటే మిగిలింది!

ఇక పట్టుచీర. ఇక్కడ మన తప్పులు ప్రేమ ఎక్కువై చేసేవి.

పట్టుకీ జుట్టుకీ చుట్టరికం వుంది. రెండూ మాంసకృత్తులే. ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే సగం సూత్రాలు అవసరం లేదు. తలకి బట్టలసోడా వేసి రుద్దుకుంటామా? పట్టుకీ వద్దు. మరిగే నీళ్ళు తలమీద పోసుకుంటామా? పట్టుమీదా వద్దు. కుంకుడురసం తలకి మంచిది, జరీ ఎక్కువ లేని ఒకే రంగు పట్టుకీ మంచిదే. ఎండలో జుట్టు బిరుసెక్కినట్టే పట్టూ పాడవుతుంది, రంగూ వెలుస్తుంది. బరువైన జరీచీరలూ, రెండు రంగుల చీరలూ డ్రైవాష్‌కే ఇవ్వండి. అయినా ప్రతి పెళ్ళికీ ఇవ్వక్కర్లేదు. కట్టి విప్పిన చీరని ఆ రాత్రే మడతపెట్టకుండా గాలికి ఆరేసి, చెమట పూర్తిగా ఆరాక మడవటం అన్నిటికన్నా ముఖ్యం. సెంటు చీర కట్టాక జరీమీద కొట్టుకోకండి. చీర కట్టకముందే రాసుకోండి.

జరీ కూడా చదవాల్సిందే. పాతకాలపు అసలు జరీలో పట్టుపోగు చుట్టూ సన్నటి వెండిరేకు, దానిమీద బంగారు పూత వుండేవి. తరువాత రాగితీగకి పూతపూసినవి వచ్చాయి. ఆ తరువాత మెరిసే ప్లాస్టిక్ పొరతో చేసినవి వచ్చాయి. లోహం వున్న జరీని ఒకేచోట ఏళ్ళ తరబడి మడిచివుంచితే, తీగని అటూ ఇటూ వంచి విరిచినట్టే, మడత వెంబడి విరుగుతుంది, కింద పట్టుని కోస్తుంది. రెండు మూడు నెలలకోసారి మడత మార్చమనటానికి కారణం అది. గాలి ఆడకపోతే లోపలి తేమకి వెండి నల్లబడుతుంది. ప్లాస్టిక్ కవరు వద్దనటానికి కారణం అది. వుతికిన పాత మల్లుగుడ్డలో చుట్టండి. కలరా ఉండల్ని చీరకి తగిలేలా పెట్టకండి. ఎండిన వేపాకు చిన్న గుడ్డసంచిలో కట్టి మూలన పెడితే చాలు. ఇస్త్రీ ఎప్పుడూ వెనకవైపునించే చెయ్యాలి.

వీటన్నిటికన్నా గొప్ప సంరక్షణ ఒకటుంది. దాని గురించి సూత్రాల పట్టికలో ఎవరూ రాయరు. చీర కట్టుకోవటం. కూతురు పెళ్ళికని దాచి, మనవరాలి పెళ్ళికని దాచి, విప్పేసరికి మడతల దగ్గర చిరిగివున్న పట్టుచీరలు ఎన్ని ఇళ్ళల్లో లేవు? అది దాచటం కాదు, మెల్లగా చంపటం. అట్ట చినగకూడదని తెరవకుండా దాచిన పుస్తకానికీ దానికీ తేడా ఏమీ లేదు.

ఈ చదవటం రాకపోవటం వల్ల జరిగే నష్టం ఎక్కడ ఎక్కువగా కనిపిస్తుందో చెప్పనా? నూలు చీర ముగింపు ఎప్పుడూ గౌరవంగానే వుంటుంది. బయటికి కట్టి, ఇంట్లో కట్టి, మెత్తబడ్డాక వుయ్యాలగా, పసిపిల్లల పొత్తిగుడ్డలుగా, బొంతగా మారి, ఆఖరికి మసిగుడ్డగా తన పని పూర్తిచేసుకుంటుంది. పట్టుచీర గతి అది కాదు. "పాత పట్టుచీరలు కొంటాం" అన్న కేక వీధిలో వినపడగానే అమ్మమ్మల పెట్టెల్లోంచి చీరలు బయటికొచ్చేవి. తూకం వేసి డబ్బు ఇచ్చి తీసుకెళ్ళి, కాల్చి, వెండి తీసుకునేవారు. ఈనాటికీ ఆ వ్యాపారం పోలేదు. పిల్లల ఫీజు కట్టటానికి చీర అమ్ముకున్న తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అవసరం లేకపోయినా, బీరువాలో చోటు కోసం అమ్మినవే ఎక్కువ. వెండి దొరికింది. ఆ అంచులో హంసలబారు ఏ లెక్కన కట్టారో, ఆ కొంగులో ఏ రంగు పక్కన ఏ రంగు నిలబెట్టారో, అది బూడిదైంది. పాతకాలపు గ్రంథాన్ని కాగితాల తూకానికి అమ్మినట్టే.

అహమ్మదాబాదులో 1949లో కాలికో మ్యూజియం పెట్టి దేశంలోని గొప్ప వస్త్రాల్ని భద్రపరిచారు. మంచిదే. అయితే ఇంటింటి చీరనీ మ్యూజియంవాళ్ళు వచ్చి దాచరు కదా. అమ్మక తప్పకపోతే, కనీసం అంచూ కొంగూ కలిసేచోట జానెడు ముక్క కత్తిరించి దాచండి. నేత తెలిసిన మనిషికి జానెడు ముక్క చాలు, ఆ అంచుని మళ్ళీ కట్టగలడు. మనవరాలికి పరికిణీ కుట్టించండి, అదీ మంచి ముగింపే. కాల్చటానికి మాత్రం ఇవ్వకండి.

మరో సంగతి. చేనేతకి కొన్ని రకాల బట్టల్ని కేటాయిస్తూ పార్లమెంటు 1985లో చట్టం చేసింది. ఆ జాబితాలో చీర కూడా వుంది. చట్టం వుండగానే చిటికి డిజైన్లు మిషను మీద అచ్చవుతున్నాయి, మరమగ్గం చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతున్నాయి. ప్రతి షాపులోనూ ఇన్‌స్పెక్టరు నిలబడలేడు. కానీ ప్రతి షాపులోనూ మనం నిలబడుతున్నాం! చీర తిరగేసి చూసే అలవాటు, అంచు పక్కన సన్నటి సూదిబెజ్జాలు వెతికే అలవాటు వుంటే చాలు. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే బద్ద ముళ్ళ గుర్తులవి, చాలా చేనేత చీరల్లో కనిపిస్తాయి. నకిలీని నకిలీ ధరకి కొనుక్కుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అసలు ధర పెట్టి నకిలీ కొన్నప్పుడు మాత్రం ఆ డబ్బు మగ్గం ముందు కూర్చున్న మనిషికి అందకుండా పోతుంది. మంచి పుస్తకానికీ చెడ్డ పుస్తకానికీ తేడా తెలియని పాఠకులు ఎక్కువైతే నష్టపోయేది మంచి రచయితే.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. బీరువాలోంచి ఒక్క చేనేత చీర, ఒక్కటంటే ఒక్కటే తియ్యండి. కిటికీ దగ్గర పరిచి, ముందు వెనకవైపు చూడండి. అంచు నడుముతో ఎలా కలిసిందో చూడండి. మడత మార్చండి. ఒక చిన్న చీటీ మీద ఆ చీర ఏ వూరిదో, ఏ సంవత్సరం వచ్చిందో, ఎవరు పెట్టారో, నూలో పట్టో, జరీ ఎలాంటిదో, ఎలా వుతికారో రాసి, చుట్టే గుడ్డలో పెట్టండి. మీ తరువాత ఆ బీరువా తెరిచే అమ్మాయికి ధర తెలియకపోయినా ఫరవాలేదు, తక్కినవన్నీ తెలుస్తాయి. అన్నట్టు, మళ్ళీ లోపల పెట్టెయ్యకండి. వచ్చే శుక్రవారం కట్టుకోండి. ఎవరో ఒకరు "ఎంత?" అని అడగకపోరు. అప్పుడు కొంగు తిరగేసి చూపించి, వెనకవైపు నుంచి మొదలుపెట్టండి.